ఆ చెక్కు డిపాజిట్ చెయ్యకండి తమ్ముడూ: లీజ్ ఆప్షన్, లోన్ పేపర్లలోని క్లాజ్

ప్రశ్న: అక్కా, నమస్తే. మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 2021 జులైలో 420,000 డాలర్లకి ఇల్లు కొన్నాం. 20 శాతం డౌన్ పేమెంట్, 30 ఏళ్ల కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ హామీ లేని మామూలు లోన్), వడ్డీ 2.875 శాతం. ఇంకా 302,000 బాకీ ఉంది. ఇప్పుడు నా ఉద్యోగం షార్లెట్‌కి మారింది. ఇంత తక్కువ వడ్డీ లోన్ వదులుకోబుద్ధి కావడం లేదు. ఒక సెమినార్‌లో లీజ్ ఆప్షన్ గురించి, అంటే ఇల్లు అద్దెకిస్తూ తర్వాత కొనుక్కునే హక్కు కూడా రాసివ్వడం గురించి విన్నాను. మాకు తెలిసిన ఒక కుటుంబం, మనవాళ్లే, హెచ్1బీ మీద ఉన్నారు. మూడేళ్లు అద్దెకుండి ఆ తర్వాత కొంటామంటున్నారు. ధర 610,000 అని ఇప్పుడే రాసుకుంటాం. ఆ హక్కు కోసం ముందుగా ఇచ్చే ఆప్షన్ మనీ 15,000. అద్దె నెలకి 3,200, అందులో 300 చివర్లో ధరలోంచి తగ్గిస్తాం. చెక్కు కూడా ఇచ్చేశారు, నేనే ఇంకా బ్యాంకులో వెయ్యలేదు. మా ఆవిడేమో "మన లోన్ పేపర్లలో ఏదో క్లాజ్ ఉంటుందట, ముందు కనుక్కో" అంటోంది. సెమినార్ ఆయన్ని అడిగితే "నెలనెలా పేమెంట్ పడుతుంటే బ్యాంకు పట్టించుకోదు, ఇల్లు ట్రస్టులో పెట్టెయ్, ఎవరికీ తెలీదు" అన్నారు. ఏం చెయ్యమంటారు?
(ఫ్రిస్కో, టెక్సస్. పేరు వద్దన్నారు.)

సమాధానం: మీ ఆవిడ మాట వినండి తమ్ముడూ. సెమినార్‌లో ఎవరూ అడగని ప్రశ్న ఆమె అడిగారు. చెక్కు ఇంకా వెయ్యలేదన్నారు కదా, చాలా మంచి పని చేశారు. ఇది మొత్తం చదివేదాకా దాన్ని అలాగే ఉంచండి. ఒక మాట ముందే చెప్తాను, నేను లాయర్ని కాదు. చాలా ఏళ్లుగా ఇంటి లోన్ల ఫైళ్లు చూస్తున్నదాన్ని. సంతకం పెట్టే ముందు టెక్సస్‌లో రియల్ ఎస్టేట్ చూసే లాయర్‌కి ఒక గంట ఫీజు ఇచ్చి కాగితాలు చూపించండి. ఆ గంటలో ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తుంది.

క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు మీ పేరుకి మారిన రోజు, మీకిచ్చిన కాగితాల కట్ట తియ్యండి. అందులో "డీడ్ ఆఫ్ ట్రస్ట్" అని ఉంటుంది, ఇంటిని అప్పుకి తాకట్టు పెట్టిన కాగితం అది. 2021లో తీసుకున్న కన్వెన్షనల్ లోన్ కాబట్టి ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ (బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే పెద్ద సంస్థలు) వాళ్ల పాత ఫారం అయి ఉంటుంది, అందులో 18వ సెక్షన్ చూడండి. (కొత్త ఫారం మీద లోన్ తీసుకున్నవాళ్లకి ఇదే 19వ సెక్షన్.) దీన్నే అందరూ డ్యూ ఆన్ సేల్ క్లాజ్ అంటారు. బ్యాంకు ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇంటిని గానీ, ఇంటి మీద ఏ హక్కుని గానీ వేరేవాళ్లకి బదిలీ చేస్తే, మిగిలిన అప్పంతా ఒక్కసారే కట్టమని బ్యాంకు అడగొచ్చు అని దాని సారాంశం. నోటీసు ఇచ్చాక కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. అంతే. మీ విషయంలో అంటే 30 రోజుల్లో 302,000 డాలర్లు.

ఆ సెక్షన్‌లో ఎంత వెతికినా "లీజ్ ఆప్షన్" అన్న మాట కనబడదు. సెమినార్లవాళ్లు చూపించేది ఇదే. "చూశారా, ఎక్కడా లేదు" అంటారు. అది సగం నిజం. మిగతా సగం ఫెడరల్ చట్టంలో ఉంది.

దాని వెనక ఒక కథ ఉంది. అది తెలిస్తే మీ సందేహాలు చాలావరకు వాటంతటవే తీరిపోతాయి. 1970లలో అమెరికాలో వడ్డీలు పెరుగుతూ పోయాయి. 1981 అక్టోబర్‌లో 30 ఏళ్ల లోన్ సగటు వడ్డీ 18.63 శాతం దాకా వెళ్లింది. అప్పుడు పాత లోన్ 7, 8 శాతానికి ఉన్నవాళ్లు ఇల్లు అమ్మేటప్పుడు ఆ లోన్ కూడా కొనేవాళ్లకి అప్పజెప్పాలని చూశారు. ఇప్పుడు మీరు చూస్తున్నట్టే. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1978లో జనం వైపు తీర్పిచ్చింది. బ్యాంకు తనకి నష్టం జరిగే ప్రమాదం ఉందని చూపిస్తే తప్ప ఈ క్లాజ్ వాడకూడదంది. మరోపక్క సేవింగ్స్ అండ్ లోన్ సంస్థలు డిపాజిటర్లకి ఎక్కువ వడ్డీ ఇస్తూ, పాత లోన్ల మీద తక్కువ వడ్డీ తీసుకుంటూ కుదేలైపోయాయి. 1982 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఫెడరల్ సేవింగ్స్ సంస్థల పక్షాన తీర్పిచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 15న గార్న్-సెయింట్ జెర్మెయిన్ చట్టం వచ్చింది. ఆ తర్వాత ఏ రాష్ట్రమూ ఈ క్లాజ్‌ని అడ్డుకోకుండా అయింది.

ఆ రోజుల్లో కూడా జనం అమ్మకాన్ని అమ్మకంలా కనబడకుండా చెయ్యడానికి ఎన్నో దారులు వెతికారు. అందుకే ఆ చట్టం కింద రాసిన నిబంధనల్లో "సేల్ ఆర్ ట్రాన్స్‌ఫర్" అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఇన్‌స్టాల్‌మెంట్ సేల్, ల్యాండ్ కాంట్రాక్ట్, మూడేళ్లు దాటిన లీజుతో పాటు లీజ్ ఆప్షన్ కాంట్రాక్ట్‌ని కూడా పేరుపెట్టి రాశారు. అంటే సెమినార్ ఆయన మీకు కొత్త చిట్కాగా చెప్పినదాన్ని నలభై ఏళ్ల కిందటే లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

ఆ చట్టం ఇంటి యజమానికి కొన్ని రక్షణలు కూడా ఇచ్చింది. ఐదు కంటే తక్కువ యూనిట్లున్న నివాస ఇళ్లకి, కొన్ని సందర్భాల్లో బ్యాంకు ఈ క్లాజ్ వాడకూడదు. భర్త పోతే ఇల్లు భార్య పేరుకి రావడం, పిల్లల పేరున మార్చడం, విడాకుల్లో ఇల్లు ఒకరికి రావడం, ఇలాంటివి. మీకు పనికొచ్చేది ఇంకొకటుంది: మూడేళ్లు లేదా అంతకంటే తక్కువ లీజుకి ఇవ్వడం, అయితే అందులో కొనే ఆప్షన్ ఉండకూడదు. ఇక్కడ రెండు షరతులున్నాయి, రెండూ తీరాలి. మీరు మూడేళ్లు అన్నారు, సరే, మొదటిది తీరింది. ఆప్షన్ పెట్టారు, రెండోది పోయింది. మామూలు అద్దె ఒప్పందం రాసుకుంటే మీకు చట్టం గొడుగు పడుతుంది. అదే కాగితంలో "మూడేళ్ల తర్వాత 610,000కి కొనుక్కునే హక్కు ఉంది" అని ఒక్క వాక్యం చేరిస్తే ఆ గొడుగు పోతుంది.

బ్యాంకు నిజంగా అప్పంతా అడుగుతుందా? మీకు నిజాయితీగా చెప్పాలి. పేమెంట్లు సరిగ్గా పడుతున్న లోన్‌ని ఈ క్లాజ్ కింద ఒక్కసారే కట్టమని అడగడం నేను చూసినంతలో అరుదు. ఇది నేరం కూడా కాదు, బ్యాంకుతో మీరు చేసుకున్న ఒప్పందాన్ని మీరడం. క్లాజ్‌లో కూడా బ్యాంకు "అడగొచ్చు" అనే ఉంటుంది, "అడిగి తీరాలి" అని కాదు. సెమినార్ ఆయన చెప్పినదాంట్లో అంతవరకు నిజమే.

కానీ లెక్క ఒకసారి చూడండి. మీ 302,000 మీద 2.875 శాతం అంటే ఏడాదికి దాదాపు 8,700 డాలర్ల వడ్డీ. అదే డబ్బు 6.5 శాతానికి వేరేవాళ్లకి ఇస్తే దాదాపు 19,600. ఏడాదికి 11 వేల తేడా. 2021 జనవరిలో సగటు వడ్డీ 2.65 శాతానికి పడిపోయింది, 2023 అక్టోబర్‌లో 7.79 దాకా పోయింది. 1982లో బ్యాంకులు ఈ క్లాజ్ కోసం ఎందుకంత పోరాడాయో, అదే కారణం మళ్లీ ఇప్పుడు వచ్చింది. దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది మీ లోన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లిష్టం. మీ చేతిలో లేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ తర్వాత జరిగేది. నోటీసు వచ్చిందనుకోండి. ఇల్లు అమ్మేసి అప్పు తీరుద్దామంటే కుదరదు, కొనే హక్కు ఆ కుటుంబానికి రాసిచ్చేశారు. వాళ్లు కొందామంటే ఇంకా లోన్ రాదు, అందుకే కదా మూడేళ్లు అడిగారు. మీరు రీఫైనాన్స్ చేద్దామంటే, అంటే కొత్త లోన్ తీసుకుని పాతది తీర్చేద్దామంటే, అప్పటికి అది మీరుండే ఇల్లు కాదు, పెట్టుబడి ఇల్లు, వడ్డీ ఇంకా ఎక్కువ. మూడు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి. ఆ 30 రోజులు మీరూ మీ ఆవిడా షార్లెట్‌లో కూర్చుని పడే టెన్షన్‌కి నెలకి ఎంత అద్దె వచ్చినా చాలదు.

ఇక "ఎవరికీ తెలీదు" అన్న మాట. ఇన్సూరెన్స్ పాలసీ మారితే బ్యాంకుకి ఉత్తరం వెళ్తుంది. ఇల్లు ట్రస్టు పేరుకి మారిస్తే కౌంటీ రికార్డుల్లో ఎక్కుతుంది, ఎవరైనా చూడొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడైనా బ్యాంకు "ఈ ఇంట్లో ఎవరుంటున్నారు, ఏ ఒప్పందం మీద" అని రాతపూర్వకంగా అడిగితే మీరు ఏం రాస్తారు? దాచడానికి అబద్ధం రాస్తే అది ఇక ఒప్పందం మీరడం కాదు, బ్యాంకుకి తప్పుడు సమాచారం ఇవ్వడం, ఫెడరల్ నేరం. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న మనవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు. ఇలాంటి దాని దరిదాపులకి కూడా పోవద్దు.

ట్రస్టు మాటకొస్తే, అది పూర్తిగా అబద్ధం కాదు. ఇంటిని సొంత ట్రస్టులో పెట్టుకోవడానికి చట్టంలో రక్షణ ఉంది. కానీ లబ్ధిదారులుగా మీరే కొనసాగాలి, ఆ బదిలీకి ఇంట్లో ఎవరుండాలన్న హక్కు మారడంతో సంబంధం ఉండకూడదు. వీలునామా, వారసత్వం పనుల కోసం పెట్టుకునే ట్రస్టుల కోసం ఇచ్చిన రక్షణ అది. ఇల్లు ట్రస్టులో పెట్టి, వెంటనే వేరే కుటుంబానికి తాళాలతో పాటు కొనే హక్కూ ఇచ్చేస్తే ఆ రక్షణ మీకు పనికిరాదు. ఇంటిని ఎల్‌ఎల్‌సీ, అంటే సొంత చిన్న కంపెనీ పేరుకి మార్చడమైతే ఆ మినహాయింపుల జాబితాలోనే లేదు.

ఇప్పటిదాకా చెప్పింది అమెరికాలో ఎక్కడున్నా వర్తిస్తుంది. మీరు టెక్సస్‌లో ఉన్నారు. అక్కడ ఇంకో తలుపు ఉంది, ఇదింకా గట్టిది. సెమినార్ ఆయన దీని ఊసే ఎత్తి ఉండరు.

టెక్సస్ ప్రాపర్టీ కోడ్ 5వ అధ్యాయంలో "ఎగ్జిక్యూటరీ కాంట్రాక్ట్" గురించి ఒక భాగం ఉంది. ముందు డబ్బు కడుతూ పోయి, చివర్లో ఎప్పుడో డీడ్ (ఇంటి యాజమాన్య పత్రం) చేతికొచ్చే ఒప్పందాలివి. వీటి వల్ల చాలా పేద కుటుంబాలు ఏళ్ల తరబడి డబ్బు కట్టి కూడా ఇల్లు పోగొట్టుకున్నాయి కాబట్టి చట్టం గట్టిగా రాశారు. నివాసానికి ఇచ్చే లీజుతో కలిపి గానీ, అదే సమయంలో విడిగా గానీ కొనే ఆప్షన్ ఇస్తే, అది కూడా ఈ భాగం కిందకే వస్తుంది. కాబట్టి లీజు ఒక కాగితం, ఆప్షన్ ఇంకో కాగితం అని విడదీసినా లాభం లేదు. మూడేళ్లు దాటని లీజ్ ఆప్షన్లకి కొన్ని నియమాలు సడలించారు. కానీ 5.085 అనే సెక్షన్‌కి సడలింపు లేదు. అది ఏమంటుందంటే, ఇంటి మీద ఏ అప్పూ, ఏ తాకట్టూ లేకుండా పూర్తి యాజమాన్యం ఉంటేనే ఇలాంటి ఒప్పందం చెయ్యాలి.

మీ ఇంటి మీద 302,000 అప్పుంది.

దీనికీ ఒక మినహాయింపు ఉంది. ఇల్లు కొనడానికే తీసుకున్న లోన్ అయితే, సంతకానికి కనీసం మూడు రోజుల ముందు కొనేవాళ్లకి బ్యాంకు పేరు, లోన్ నంబరు, ఎంత బాకీ, నెలకెంత కడుతున్నారు అన్నీ విడి కాగితం మీద ఇవ్వాలి. ఇంకా ఉన్నాయి గానీ అసలు షరతు ఇది: ఇలాంటి ఒప్పందాన్ని బ్యాంకు నిషేధించకూడదు. పైగా కొనేవాళ్లు అడిగితే లోన్ పరిస్థితి చెప్పడానికి, మీరు కట్టకపోతే వాళ్ల దగ్గర నేరుగా డబ్బు తీసుకోవడానికి బ్యాంకు ఒప్పుకోవాలి. ఇప్పుడు మీ 18వ సెక్షన్ గుర్తు తెచ్చుకోండి. చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాం. బ్యాంకు రాతపూర్వకంగా సరేనంటే తప్ప టెక్సస్ చట్టం కూడా మిమ్మల్ని వదలదు. ఫెడరల్ చట్టం విషయంలో "బ్యాంకు అడుగుతుందో లేదో" అన్న అదృష్టమైనా ఉంది. ఇక్కడ బ్యాంకు ఏమీ అడక్కపోయినా మీరు తప్పు చేసినట్టే.

ఈ సెక్షన్ మీరితే కొనేవాళ్లు ఒప్పందం రద్దు చేసుకుని, కట్టిన డబ్బు, ఇంటికి చేయించిన మెరుగుల విలువ వెనక్కి అడగొచ్చు. చట్టంలో "కట్టిన ప్రతి చెల్లింపూ" అనే ఉంది. 2013లో టెక్సస్ సుప్రీంకోర్టు, వాళ్లు ఇంట్లో ఉన్నందుకు న్యాయమైన అద్దె విలువని లెక్కలో సర్దాలని చెప్పింది. కాబట్టి మూడేళ్ల అద్దె మొత్తం పోతుందని నేను మిమ్మల్ని భయపెట్టను. కానీ ఆ 15,000, అద్దెకి మించి తీసుకున్నది, వాళ్లు వంటగదికి పెట్టిన ఖర్చు, లాయర్ల ఫీజులు, పైగా వినియోగదారుల్ని మోసగించారన్న చట్టం కింద కేసు, ఇవన్నీ మీ తల మీద ఉంటాయి. ఎవరితో? మీకు తెలిసిన, ఒకే గుడికి వెళ్లే మనవాళ్లతో.

ఆ కుటుంబం గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఒకప్పుడు వాళ్ల చోట మేమున్నాం.

2006లో జార్జియాలో మేం లీజ్ ఆప్షన్ మీద ఒక ఇంట్లో దిగాం. మా వారికి అప్పటికి క్రెడిట్ హిస్టరీ ఏడాదిన్నరే. ఆప్షన్ మనీ 8,000 ఇచ్చాం. ప్రతి నెలా ఒకటో తారీఖున అద్దె ఇచ్చేవాళ్లం, ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు. మనిల్లే కదా అనుకుని పెరటి చుట్టూ ఫెన్స్ వేయించాం, దానికి 2,300. 2008 జనవరిలో ఒకరోజు తలుపుకి పోస్టాఫీసు వాళ్ల పీచ్ రంగు చీటీ అంటించి ఉంది. ఇంటి యజమాని పేరు మీద సర్టిఫైడ్ లెటర్. ఆయనకి ఫోన్ చేస్తే "మామూలుదేలే, నేను చూసుకుంటా" అన్నారు. వారం తర్వాత ఇంకో చీటీ. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఎవరో కారు దిగకుండానే మా ఇంటికి ఫొటోలు తీసుకుంటుంటే నేను బయటికెళ్లి అడిగాను. "ఈ ఇల్లు వచ్చే మంగళవారం వేలంలో ఉంది కదండీ" అన్నాడు ఆ అబ్బాయి.

జార్జియాలో ఫోర్‌క్లోజర్ వేలాలు (అప్పు కట్టని ఇంటిని బ్యాంకు వేలం వెయ్యడం) నెలలో మొదటి మంగళవారం కౌంటీ కోర్టు దగ్గర జరుగుతాయి. అంతకుముందు నాలుగు వారాలు పేపర్లో ప్రకటన వేస్తారు. మేం చూసుకోలేదు, చూడాలని మాకు తెలీదు. యజమాని ఏడు నెలలుగా మా దగ్గర అద్దె తీసుకుంటూ బ్యాంకుకి కట్టడం మానేశారు. మా ఆప్షన్ కాగితం కౌంటీలో రిజిస్టరే చెయ్యలేదు. చేసినా ఆయన లోన్ మా కంటే ముందుది, వేలంతో మాది తుడిచిపెట్టుకుపోయేది. ఫోర్‌క్లోజ్ అయిన ఇంట్లో అద్దెకున్నవాళ్లకి 90 రోజుల నోటీసు ఇవ్వాలన్న ఫెడరల్ చట్టం 2009 మేలో వచ్చింది. మాకు అది కూడా లేదు. నాలుగేళ్ల మా అమ్మాయి "ఫెన్స్ కూడా పట్టుకెళ్దామా" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మీరు అలాంటివారని నేను అనను. మీరు ఉత్తరం రాసి అడిగారు, ఆయన అడగలేదు. కానీ మీ ఉద్యోగం పోయినా, మీకేమైనా అయినా, వాళ్ల 15,000కి ఏ పూచీ లేదు. ఆప్షన్ అనేది ఒకవైపు హక్కు. ధర పెరిగితే వాళ్లు కొంటారు, మీరు 610,000కే ఇవ్వాలి. పడిపోతే వాళ్లు వెళ్లిపోతారు, 15,000 మీకు మిగులుతుంది. ఏ రకంగా చూసినా ఎవరో ఒకరు బాధపడే ఏర్పాటు ఇది.

వాళ్లకి చెప్పనివి ఇంకా రెండున్నాయి, దయచేసి మీరే చెప్పండి. నెలకి 300 చొప్పున 36 నెలల్లో 10,800 డౌన్ పేమెంట్‌లో కలుస్తుందని వాళ్లు అనుకుంటూ ఉంటారు. ఫ్యానీ మే నిబంధనల ప్రకారం, మార్కెట్ అద్దెకి మించి కట్టినది మాత్రమే రెంట్ క్రెడిట్‌గా లెక్కకొస్తుంది. మార్కెట్ అద్దె ఎంతో అప్రైజర్, అంటే ఇంటి విలువ కట్టే నిపుణుడు చెప్తారు. మీ ఇంటికి మామూలుగానే 3,200 అద్దె వస్తుందంటే, లోన్ ఇచ్చేవాళ్ల దృష్టిలో వాళ్ల క్రెడిట్ సున్నా. రెండోది, తక్కువ డౌన్ పేమెంట్‌తో ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (ఫెడరల్ ప్రభుత్వ బీమా ఉన్న లోన్) తీసుకుందామని వాళ్లకి ఆలోచన ఉంటే, 2025 మే 25 నుంచి గ్రీన్‌కార్డు లేని తాత్కాలిక వీసాలవాళ్లకి ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు ఆపేశారు. హెచ్1బీ మీద కన్వెన్షనల్ లోన్ తీసుకోవచ్చు, దానికి ఇప్పట్నించీ క్రెడిట్ స్కోరు, పొదుపు పెంచుకోవాలి. ఆ 15,000 మీ ఖాతాలో కంటే వాళ్ల సేవింగ్స్ ఖాతాలో ఉంటేనే లోన్ ఫైలుకి బలం.

మీ సొంత లాభం గురించి కూడా ఒక లెక్క ఉంది, చాలామంది దీన్ని మర్చిపోతారు. అమ్మిన రోజు నుంచి వెనక్కి ఐదేళ్లలో కనీసం రెండేళ్లు అది మీ సొంత నివాసమై ఉంటే, భార్యాభర్తలు కలిసి ఫైల్ చేసేవాళ్లకి 500,000 వరకు లాభం మీద ఫెడరల్ ట్యాక్స్ ఉండదు. అద్దెకిచ్చిన కాలానికి డిప్రిసియేషన్ (ఇంటి అరుగుదల) పేరుతో ఆదాయంలోంచి తగ్గించుకున్న మొత్తం మీద మాత్రం ఉంటుంది. మీరు ఖాళీ చేసిన రోజు నుంచి లెక్కపెడితే మూడేళ్లు దాటాక ఈ అవకాశం పోతుంది. మీ ఒప్పందంలో ఆప్షన్ మూడో ఏడాది చివర్లో వాడుకోవచ్చు, ఆ తర్వాత వాళ్ల లోన్, అప్రైజల్, క్లోజింగ్‌కి ఇంకో నెలన్నర. అంటే దాదాపు ఖాయంగా గడువు దాటిపోతారు. 420,000కి కొన్నది 610,000కి అమ్మితే 190,000 లాభం. 15 శాతం పన్ను లెక్కన 28,500 డాలర్లు, కేవలం కొన్ని వారాల తేడాకి.

అందుకని నేనైతే ఏం చేస్తానో చెప్తాను. ఆ కుటుంబానికే ఇల్లు మామూలు అద్దెకిస్తాను, ఏడాదికో రెండేళ్లకో, ఆప్షన్ అన్న మాట ఎక్కడా లేకుండా. మీ 2.875 శాతం లోన్ అలాగే ఉంటుంది. మీరు నాలుగున్నరేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి కొన్న మొదటి ఏడాది సొంతంగా ఉండాలన్న షరతు ఎప్పుడో తీరిపోయింది. బ్యాంకుకి ఉత్తరాలు వచ్చే అడ్రస్ మార్చమని చెప్పండి, అద్దెకిస్తున్నామని దాచే అవసరమే లేదు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి హోమ్‌ఓనర్స్ పాలసీని ల్యాండ్‌లార్డ్ పాలసీగా మార్పించండి. ఇది మర్చిపోతే వడగళ్ల వానకి పైకప్పు పోయినప్పుడు క్లెయిమ్ రాకపోవచ్చు, మీ ఏరియాలో వడగళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు. హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే సొంతంగా ఉండే ఇంటికి ఆస్తి పన్నులో ఇచ్చే తగ్గింపు, తీసేయించాలి. దాంతో పాటు ఏటా విలువ పెంపు మీదున్న 10 శాతం పరిమితి కూడా పోతుంది, ఎస్క్రో (ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ కోసం పేమెంట్‌తో పాటు నెలనెలా కట్టేది) పెరుగుతుంది, అద్దె నిర్ణయించేటప్పుడే అది లెక్కేసుకోండి. హెచ్‌ఓఏ, అంటే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, అద్దెకివ్వడం మీద ఏమైనా ఆంక్షలు పెట్టిందేమో చూడండి.

రెండేళ్ల తర్వాత వాళ్లకి లోన్ వచ్చే స్థితి ఉంటే అప్పుడు మామూలు అమ్మకం ఒప్పందం రాసుకోండి, టైటిల్ కంపెనీ దగ్గర క్లోజ్ చెయ్యండి. ట్యాక్స్ గడువులో కూడా ఉంటారు. ధర అప్పటి మార్కెట్‌ని బట్టి. "అమ్మాలనుకుంటే ముందు మీకే చెప్తాను" అని ఇప్పుడు నోటితో అనొచ్చు. చట్టం దృష్టిలో దానికి విలువ లేదని కూడా వాళ్లకి అదే నోటితో చెప్పండి. కాగితం మీద రాసివ్వాలనిపిస్తే లాయర్ని అడక్కుండా రాయకండి.

లేదు, లీజ్ ఆప్షనే కావాలి అంటే ఒక్కటే దారి, బ్యాంకుకి రాసి అనుమతి అడగండి. క్లాజ్‌లోనే "ముందస్తు రాతపూర్వక అనుమతి" అని ఉంది కదా. చాలావరకు కాదంటారు. అడిగినందుకు మీకొచ్చే నష్టమేమీ లేదు, ఒప్పందం ఇంకా జరగలేదు కాబట్టి.

ఇలాంటి ఆలోచనలో ఉన్న మిగతా పాఠకులకి రెండు ముక్కలు. మీది ఎఫ్‌హెచ్‌ఏ లేదా వీఏ లోన్ అయితే, తక్కువ వడ్డీ లోన్‌ని కొనేవాళ్లకి అప్పజెప్పడానికి అసంప్షన్ అని రాజమార్గం ఉంది. లెండర్ కొనేవాళ్ల ఆదాయం, క్రెడిట్ చూసి ఒప్పుకుంటారు, ఆ తర్వాత అప్పు బాధ్యత నుంచి మిమ్మల్ని విడుదల చేసినట్టు కాగితం తీసుకోండి. వీఏ అయితే అది సైన్యంలో పనిచేసినవాళ్ల హక్కుతో ముడిపడింది కాబట్టి, కొనేది వేరే వెటరన్ అయి తన హక్కుని మార్చుకుంటే తప్ప మీ హక్కు ఆ ఇంట్లోనే చిక్కుకుంటుంది. ఇక అపార్ట్‌మెంట్ బిల్డింగులు, అంటే ఐదు యూనిట్లూ ఆ పైనా ఉన్నవాటి మీద లోన్ తీసుకున్నవాళ్లకి నేను పైన చెప్పిన రక్షణలేవీ ఉండవు. వాళ్లు లోన్ ఒప్పందంలో లీజుల గురించి ఉన్న ప్రతి లైనూ చదువుకోవాల్సిందే.

మళ్లీ మీ దగ్గరికొస్తాను తమ్ముడూ. ఈ శనివారం మీరిద్దరూ వాళ్లింటికి వెళ్లండి. ఆ 15,000 చెక్కు వాళ్ల చేతికే ఇచ్చి, కళ్లెదురుగా చింపేయమనండి. ఎందుకో కూర్చుని చెప్పండి, అద్దె క్రెడిట్ సంగతి, ఎఫ్‌హెచ్‌ఏ సంగతి కూడా. అద్దెకి దిగుతామంటే ఒక నెల సెక్యూరిటీ డిపాజిట్‌కి వేరే చెక్కు తీసుకోండి, లీజు మీద అందరి సంతకాలూ అయ్యాకే. మీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.